రెండు వందల పన్నెండు ముక్కల బొంత

మా మిల్లులో సమ్మె మొదలైన ఎండాకాలానికి నాకు ముప్పై ఆరేళ్లు. అప్పటికి పదహారేళ్లుగా రంగుల విభాగంలో పనిచేస్తున్నాను. పొద్దున్నే ఆరింటికి వెళ్లడం, ఏ రోజు రంగు ఆ రోజు మోచేతుల దాకా పులుముకుని సాయంత్రం రావడం. అంతకు మించి పగటిపూట ఇల్లెలా ఉంటుందో నేనెరగను. సమ్మె మొదటి వారమంతా గేటు ముందు టెంటులో కూర్చున్నాం, గొంతు చించుకున్నాం, టీలు తాగాం. రెండో వారానికి వంతులు వేసుకున్నాం. నా వంతు రోజు విడిచి రోజు. మిగతా రోజులు ఇంటిపట్టునే ఉండక తప్పలేదు. మా ఆవిడ చేసే పనేమిటో కళ్లారా చూసింది అప్పుడే.

ఆమె బొంతలు ఉతుకుతుంది. పాత బట్టలు ముక్కలు చేసి, పొరలు పేర్చి, మధ్యలో ఇంత దూది పరిచి చేత్తో కుట్టిన బొంతలు. మిషన్‌లో వేస్తే వాటి కుట్లు తెగిపోతాయి. బండకేసి బాదితే లోపలి దూది ఉండలు కడుతుంది. అందుకని ఊరి నాలుగు వైపుల నుంచీ జనం వాటిని చంకలో పెట్టుకుని మా మెట్లెక్కి వచ్చేవారు. మేముండేది పై అంతస్తులో రెండు గదుల్లో. మా నెత్తిన డాబా. డాబా మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కన సిమెంటు తొట్టి, ఓ పక్కగా తడికల నీడ. ఆమె ఆఫీసంతా అదే.

నాకు ఆ డాబా ఎక్కాలంటే మొహమాటం. కారణం చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది గాని, మా వీధి చివరే మిల్లు గేటు. గేటు ముందు టెంటు. డాబా మీద ఎవరు ఏం ఆరేస్తున్నారో టెంటులోంచి ఇట్టే కనిపిస్తుంది. ఓ రోజు మా ఆవిడకి బకెట్ అందిస్తుంటే మైకు చూడనే చూశాడు. మైకు మా సంఘం నాయకుడు. వాడికి మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు. "ఏరా, కొత్త ఉద్యోగంలో చేరావా? అక్కడ కూడా సమ్మె చెయ్యి, మేం వచ్చి మద్దతిస్తాం!" అని వీధంతా వినబడేలా అరిచాడు. టెంటు మొత్తం పకపకా నవ్వింది. నేను బకెట్ అక్కడే పెట్టి కిందికి దిగిపోయాను. ఆ బకెట్ మా ఆవిడే ఎత్తుకుంది.

మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. "కూర్చుని కూర్చుని గోడ మీద నీ వీపు అచ్చు పడింది. అది ఒక్కతే తడి బొంతలు మోస్తుంటే చూస్తూ ఎలా ఉండగలుగుతున్నావురా?" అంది.

"అది అలవాటున్న పనేగా అమ్మా."

"నీకు అలవాటైందేమిటో మరి, చూడ్డమా?"



నాలుగో వారంలో ఓ ఉదయం నర్సమ్మ వచ్చింది. మా పేటలో ఆమెను ఎరగనివాళ్లు లేరు. నలభై ఏళ్లు పురుళ్లు పోసిన మనిషి. ఎనభై దాటింది, చూపు మందగించింది. రిక్షా అతను వెనకాల ఓ పెద్ద మూట మోసుకొచ్చాడు. అది విప్పగానే గదంతా పాత పెట్టె వాసన, బూజు వాసన.

"ఇదిగో అమ్మాయ్, నా ఆస్తి," అంది నర్సమ్మ నేల మీద చతికిలబడుతూ. "నేను పురుడు పోసిన ప్రతి ఇంట్లోనూ ఓ గుడ్డముక్క అడిగి తెచ్చుకునేదాన్ని. పుట్టిన బిడ్డని మొదట చుట్టిన బట్టలోంచి జానెడు. మొదటి రెండు వందల పన్నెండు ముక్కలు ఇందులో ఉన్నాయి. ఆ తర్వాత వేళ్లు వంకర్లు పోయాయి, కుట్టలేకపోయాను."

ఊళ్లో కొత్తగా ప్రసూతి ఆస్పత్రి కట్టారు. రెండు నెలల్లో తెరుస్తారు. పెద్ద డాక్టరమ్మ వచ్చి, ఈ బొంతని ఆ హాల్లో అందరూ చూసేలా పెడతామని అడిగిందట. కానీ ముప్పై ఏళ్లు పెట్టెలో మడిచి ఉంచిన బొంత. మడతల దగ్గర పసుప్పచ్చని చారలు, అక్కడక్కడ బూజు మచ్చలు. డ్రైక్లీనింగ్ దుకాణాలు రెండూ చూసి, దీన్ని మేం ముట్టుకోం అని పంపేశాయి.

మా ఆవిడ ఆ బొంత మీద చెయ్యి వేసి, ఒక్కో కుట్టూ తడిమింది. ఒకచోట దారం పట్టుకుని చిన్నగా లాగి చూసింది. తర్వాత అంది, "మామ్మా, కుట్లు గట్టిగానే ఉన్నాయి. ఊడినవాటికి ముందు దారం వేస్తాను. బూజు వదులుతుంది. నా భయం రంగులతో. రెండు వందల బట్టలు, రెండు వందల రంగులు. ఏది ఎప్పుడు కారుతుందో చెప్పలేం. కారేవాటిని విప్పి, విడిగా ఉతికి మళ్లీ కుట్టనా?"

"వద్దమ్మా," అంది నర్సమ్మ. "ఆ కుట్టు నాది. మళ్లీ వెయ్యలేను. విప్పాల్సి వస్తే అలాగే మూట కట్టి ఇచ్చెయ్, బూజుతోనే పోతుంది."

మా ఆవిడ కాదనలేకపోయింది, ఔననలేకపోయింది. పదకొండేళ్ల కాపురంలో ఆమె పని దగ్గర తడబడడం నేను చూడలేదు. నిజానికి ఆమె పని దగ్గర ఉన్నప్పుడు నేనెప్పుడు చూశాను గనక.

"కారేదేదో ముందే తెలుసుకోవచ్చు," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ గదిలో నేనున్నట్టు అప్పుడే గుర్తొచ్చినట్టు చూశారు.

"రంగుల పని నాదేగా. తెల్ల గుడ్డ తడిపి ఒక్కో ముక్క మీదా పెట్టి అదుముతాం. రంగు అంటితే అది కారే బాపతు. అంటకపోతే భయం లేదు."

"ఇన్ని ముక్కలకీనా?" అంది మా ఆవిడ.

"నాకేం పని ఉంది, చెప్పు?"

నాలుగు రోజులు పట్టింది. బొంతని గదిలో పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, తెల్ల గుడ్డ తడిపి పిండి, ఒక్కో ముక్క మీదా పెట్టి వంద లెక్కపెట్టేవాణ్ణి. మా ఆవిడ వెనకే సూదితో ఊడిన కుట్లకి ప్రాణం పోస్తూ వచ్చేది. మధ్యమధ్య ఏవో అడిగేది. వేడి నీళ్లలో రంగు ఎందుకు ఎక్కువ కారుతుంది, ఉప్పు వేస్తే ఆగుతుందంటారు నిజమేనా అని. వేసిన రంగు సరిగ్గా పట్టకపోతే ఇప్పుడు ఉప్పు వేసినా ఆగదని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది. "ఇన్నాళ్లూ గుప్పెళ్లకి గుప్పెళ్లు పోశాను కదండీ! ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"మీరు పైకి రాలేదు," అంది సూది మీంచి చూపు తిప్పకుండా.

తొమ్మిది ముక్కలు రంగు వదిలాయి. ఎనిమిది కొద్దికొద్దిగా. తొమ్మిదోది చిలకముక్కు ఎరుపు. తెల్లగుడ్డ ఇలా పెట్టగానే అలా నెత్తురంటినట్టయింది. అది ఎవరిదో చూద్దామని మా అమ్మ వంగి, కళ్లజోడు సవరించుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఒరేయ్, ఇది నీది!"

"నాదా?"

"మీ నాన్న మిల్లు నుంచి రంగు తెచ్చి, కొడుకు పుడతాడని ఈ గుడ్డని ఇంట్లోనే బకెట్‌లో ముంచి ఆరేశారు. ఎన్ని ఉతుకులు ఉతికినా కారుతూనే ఉండేది. పుట్టిన వారానికే అందరి బట్టలూ పాడుచేశావు."

మా నాన్న కూడా రంగుల విభాగమే. ఆయన వేసిన రంగు పట్టలేదని ముప్పై ఆరేళ్ల తర్వాత నాకు తెలిసింది. మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. సమ్మె మొదలయ్యాక ఆ ఇంట్లో అంత నవ్వు అదే.

ఆ తొమ్మిదింటికీ ఇద్దరం కలిసి ఓ మార్గం కనిపెట్టాం. తడి ఎటు పోతే రంగు అటు పోతుంది. కాబట్టి దానికి పోవడానికి మనమే ఇంకో చోటు చూపించాలి. చల్లటి నీళ్లు, అదీ తొట్టి నిండా. నీళ్లలో ఎక్కువసేపు నానబెట్టకూడదు. ఉతికాక ఆ తొమ్మిది ముక్కల మీదా, కిందా పొడి తెల్లగుడ్డలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ పోవాలి. పక్క ముక్కకి పోవాల్సిన రంగు ఆ గుడ్డలోకి పోతుంది.

ఉతికిన రోజు పొద్దున్న ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మా ఆవిడ తొట్టిలో ముందుగా పాత దుప్పటి పరిచింది. దాని మీద బొంత. "బొంతని ఎప్పుడూ పట్టుకుని ఎత్తకూడదు. నీళ్లు తాగాక అది ఇద్దరు మనుషుల బరువుంటుంది. పట్టుకున్నచోటే కుట్టు తెగుతుంది. కింద దుప్పటిని ఎత్తితే దాంతోపాటు అదే వస్తుంది," అంది. మెత్తని సబ్బు కొంచెం కలిపి, అరచేతులతో పైనుంచి కిందికి నొక్కుతూ పోయింది. రుద్దలేదు, పిండలేదు. నిద్రపోయే బిడ్డ వీపు నిమిరినట్టు నొక్కింది. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. బొంతని కదపకుండా తొట్టి బిరడా తీసి నీళ్లు వదిలేసింది, మళ్లీ నింపింది. నేను ట్యాంకు నుంచి పైపు పట్టాను. పదకొండు సార్లు మార్చాక నీళ్లు తేటగా వచ్చాయి.

అమ్మ ఓ కొస, మేం చెరో కొసా పట్టి, నాలుగో కొసకి కింది ఇంటావిణ్ణి పిలిచి, దుప్పటితో సహా ఎత్తి పాత తువ్వాళ్ల మీద దింపాం. పైన మరికొన్ని తువ్వాళ్లు పరిచి నీళ్లు పీల్చేలా అదిమాం. తర్వాత తడికల నీడలో వరసగా వేసిన మంచాల మీద వెడల్పుగా పరిచాం. ఎండలో వేస్తే రంగు పోతుంది, తీగ మీద వేస్తే బరువుకి సాగి ముక్కలు ఊడతాయి. నీడలో, గాలిలో, పడుకోబెట్టి ఆరనివ్వాలి. ఆమె లెక్క ప్రకారం రెండు రోజులు. నా తెల్లగుడ్డలు ఆ తొమ్మిది ముక్కల మీదా, కిందా పెట్టాను. ఎర్రముక్క మీది గుడ్డ అరగంటకోసారి మారుస్తున్నాను.

మధ్యాహ్నం భోజనం చేసి పైకి వచ్చేసరికి పడమట నల్లగా ఉంది. ఎండాకాలంలో ఎవరూ పిలవకుండా వచ్చే వాన అది. గాలి లేచింది. తడికల్లో ఒకటి లేచి ట్యాంకుకి కొట్టుకుంది.

"కిందికి తీసుకుపోదాం," అన్నాను.

"మెట్ల మలుపు దగ్గర మడత పడుతుందండీ. మడత పడితే రంగు అవతలి ముక్కకి అంటుతుంది. మన గదుల్లో పరిచేంత చోటేదీ? మనం నలుగురం మెట్లమీద మొయ్యలేం." ఆమె లేచిపోతున్న తడికని చేత్తో పట్టుకుంది. "ఎనిమిది మందైనా కావాలి. నలువైపులా గాలి ఆడే చోటు కావాలి. పైన కప్పు కావాలి."

మొదటి చినుకు నా చేతి మీద పడింది. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లాను. వీధి చివర టెంటు. దానికి నలువైపులా గాలి, పైన కప్పు, కింద బల్లలు. మైకు ఎప్పటిలాగే ఎవరికో ఏదో చెబుతున్నాడు. నేను రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పెట్టుకుని, ప్రాణం పెట్టి అరిచాను.

"ఒరేయ్! అందరూ రండి! మా ఆవిడ పని పాడైపోతోంది!"

ఏమయిందో అనుకుని పరుగెత్తుకొచ్చారు. పదిమంది. ఎప్పుడు మెట్లెక్కారో తెలియలేదు. మైకు ముందు, ఆయాసపడుతూ. బొంత చూసి, "దీనికా!" అన్నాడు.

"దీనికే," అన్నాను. "ఆవిడ ఎలా చెబితే అలా చెయ్యండి. మాట్లాడకండి."

ఆ తర్వాత డాబా మీద ఒక్కటే గొంతు వినబడింది. "దుప్పటి పట్టుకోండి, బొంతని కాదు. పక్కపక్కనే చేతులు. లాగొద్దు, వదలొద్దు. అన్నయ్యా, మీరు ఎత్తు ఎక్కువ, మోకాళ్లు వంచండి. ఏమండీ, మీ గుడ్డలు జారిపోతున్నాయి చూసుకోండి." పదహారేళ్లుగా ఫోర్‌మన్ అరుపులకి కూడా కదలని మనుషులు ఆమె ఇలా అంటే అలా కదిలారు. మెట్ల మలుపు దగ్గర దుప్పటిని తలల మీదికి ఎత్తించింది, పడవని ఒడ్డెక్కించినట్టు. అమ్మ, కింది ఇంటావిడ పైన ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నడిచారు. వీధిలో వాన జోరందుకుంది. ఒక్కరూ పరుగెత్తలేదు. పరుగెత్తొద్దని ఆవిడ చెప్పింది మరి.

టెంటులో బల్లలన్నీ చేర్చి బొంతని పరిచాం. రెండు రోజులు సమ్మె కూర్చోవాల్సిన చోట బొంత పడుకుంది, మేం చుట్టూ నిలబడ్డాం. వానతో గాలి చెమ్మగిల్లింది. ఆరడం ఆలస్యమైతే రంగులకి కాళ్లొస్తాయని మా ఆవిడ కంగారుపడింది. అప్పుడు ఎవరికి తోచిందో గాని, ఓ అట్ట తీసుకుని విసరడం మొదలెట్టాడు. అది నినాదాల అట్ట. నిమిషంలో అందరి చేతుల్లోనూ అవే. "మా న్యాయమైన కోరికలు" అని ఒకటి, "వెంటనే తీర్చాలి" అని ఇంకొకటి, వంతులు వేసుకుని రెండు రోజులు విసిరాయి. చర్చలకి వచ్చిన మేనేజరు టెంటు బయట నిలబడి కాసేపు చూసి, ఏమనుకున్నాడో, కారెక్కి వెళ్లిపోయాడు.

కబురు విని నర్సమ్మ రిక్షాలో వచ్చింది. మా ఆవిడ ఎదురెళ్లి, నేను మాట్లాడేలోపే చెప్పేసింది. "మామ్మా, ఒక తప్పు జరిగింది. మెట్ల మీద ఒక గుడ్డ జారింది. ఎర్రముక్క రంగు పక్కనున్న తెల్లముక్క మీద గోరంత పడింది. మిగతా అన్నీ బాగున్నాయి."

నర్సమ్మ చెయ్యి చాచింది. మా ఆవిడ ఆ చేతిని తీసుకెళ్లి అక్కడ పెట్టింది. ముసలామె వేళ్లతో కుట్టు వెంట రెండు ముక్కల్నీ తడిమింది.

"ఈ తెల్లదాని అంచు మడిచి కుట్టాను, గుర్తుంది. ఆ రోజు తెల్లారగట్ల ఇక్కడొకడు, పొద్దెక్కాక రెండు వీధుల అవతల ఇంకొకడు. కాళ్లు పడిపోయాయి నాకు. అందుకే పక్కపక్కన కుట్టాను. ఎర్రది నీ మొగుడు. తెల్లది... మంచి గొంతు ఉండేది వాడికి. ఏడిస్తే వీధి లేచేది."

టెంటులో అందరం ఒకేసారి మైకు వైపు తిరిగాం. వాడు చేతిలో అట్టని మెల్లగా కిందికి దించాడు. ఆ గోరంత ఎర్రమరక దగ్గరికి వచ్చి వంగి చూశాడు. మళ్లీ అట్ట తీసుకుని, సరిగ్గా ఆ రెండు ముక్కల మీదే విసురుతూ కూర్చున్నాడు.

"ఆ మరక ఉండనీ అమ్మాయ్," అంది నర్సమ్మ. "కలిసి పుట్టారు, ఆ మాత్రం అంటుకుంటారు."

సమ్మె తొమ్మిదో వారంలో తేలింది. అడిగినవాటిలో సగం పైగా వచ్చాయి. అందులో రంగుల విభాగానికి చేతి తొడుగులు, ఫ్యాన్లు కూడా ఉన్నాయి. నేను మళ్లీ పనిలోకి వెళ్లాను. ఇంటికొస్తే మాత్రం మొదట డాబా ఎక్కడం అలవాటైంది. మా టెంటులో వాళ్ల ఇళ్లనుంచి ఇద్దరు ఆడవాళ్లు ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చారు. ఆదివారాలు వాళ్లకి రంగు పరీక్ష నేను నేర్పేవాణ్ణి, మిగతాదంతా ఆమె. నాకు చొక్కా ఉతకడం కూడా చేతకాదని వాళ్ల ముందే ఆమె చెప్పేది. నేను కాదనేవాణ్ణి కాదు.

ఆస్పత్రి తెరిచిన రోజు మమ్మల్ని పిలిచారు. బొంతని మేకులకి వేలాడదీయొద్దని మా ఆవిడ ముందే చెప్పడంతో, వడ్రంగి చేత హాల్లో నడుము ఎత్తున ఏటవాలు బల్ల చేయించి, దాని మీద పరిచారు. హాల్లో నేను ఎక్కడున్నా దాన్నే చూస్తున్నాను. పసుపు, ఆకుపచ్చ, నీలి చారలు, చుక్కలు, గళ్లు. ముప్పై ఏళ్ల మురికి కింద అన్ని రంగులున్నాయని ఎవరూ అనుకోలేదు. పెద్ద డాక్టరమ్మ దాని ముందు నిలబడి, "ఇంత బాగా ఎవరు ఉతికారు?" అని అడిగింది.

నర్సమ్మ నోరు తెరిచేలోపే నేను చెప్పాను, "మా ఆవిడండీ," అని. నా గొంతు మైకు గొంతంత వచ్చింది. హాల్లో తలలన్నీ తిరిగాయి. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. మా అమ్మ మాత్రం, వినబడనివాళ్ల కోసమన్నట్టు, "మా కోడలు," అని ఇంకోసారి చెప్పింది.

జనం పలచబడ్డాక నెలలు నిండిన ఓ అమ్మాయి నెమ్మదిగా నడుస్తూ బల్ల దగ్గరికి వచ్చింది. ఓ చెయ్యి నడుం మీద, రెండోది బొంత మీద పెట్టింది. ఒక్కో ముక్కా తడుముతూ పోతోంది. ఆస్పత్రి గేటు మనిషి దూరం నుంచే కేక వేశాడు.

"అమ్మా, ముట్టుకోకండి! మాసిపోతుంది!"

అమ్మాయి ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. మా ఆవిడ ఆ చేతిని పట్టుకుని తిరిగి బొంత మీదే పెట్టింది.

"ముట్టుకోనివ్వండి," అంది గేటు మనిషితో. "మాసిపోతే మేమున్నాం."